32 అంగుళాల 4కె, 34 అల్ట్రావైడ్, 42 ఓలెడ్ టీవీ: పగలు ఆఫీసు పనికీ రాత్రి గేములకీ ఏది కొనాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఇప్పుడు 24 అంగుళాల 1080పి (1920x1080 పిక్సెళ్ల) మానిటర్ వాడుతున్నారు. పగలంతా ఆఫీసు లాప్‌టాప్‌లో పని, అంటే కోడ్, ఎక్సెల్, టీమ్స్ మీటింగులు. రాత్రి పీసీలో గేములు, వీలున్నప్పుడు పీఎస్5. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070, టేబుల్ లోతు రెండడుగులు. 32 అంగుళాల 1440పి (2560x1440) చవగ్గా దొరుకుతోంది, 34 అంగుళాల అల్ట్రావైడ్ (మామూలు కన్నా వెడల్పాటి, 3440x1440 స్క్రీన్) బాగుంటుందని విన్నారు, మీ ఫ్రెండేమో 42 అంగుళాల ఓలెడ్ టీవీనే మానిటర్‌గా పెట్టుకుని మిమ్మల్నీ అదే కొనమంటున్నాడు.

నా జవాబు: 32 అంగుళాల 4కె (3840x2160), ఐపీఎస్ ప్యానెల్ (ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం), 144 హెర్ట్జ్ (సెకనుకి తెర మీద బొమ్మ మారే సార్లు) లేదా ఆపైన, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉన్నది. బడ్జెట్ సరిపోకపోతే 27 అంగుళాల 1440పికి దిగండి, అంతే తప్ప 32 అంగుళాల 1440పి మాత్రం వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ లెక్క అర్థమైతే రేపు ఏ మోడల్ ఆఫర్‌లో కనిపించినా అది మీకు పనికొస్తుందో లేదో మీరే తేల్చుకోగలరు.

మానిటర్ కొనేటప్పుడు అందరూ గేముల వైపు నుంచి మొదలుపెడతారు. హెర్ట్జ్ ఎంత, రెస్పాన్స్ టైమ్ ఎంత, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని మరింత బాగా చూపే సౌకర్యం) ఉందా అని. కానీ మీ రోజు చూడండి, గేము ఆడేది గంటా రెండు గంటలు, అక్షరాలు చదివేది పగలంతా. కాబట్టి ముందు అక్షరం ఎలా కనిపిస్తుందో చూడాలి. దానికి చూడాల్సిన అంకె అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అన్నది. మీ పాత 24 అంగుళాల 1080పిలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. 27 అంగుళాల 1440పిలో 109. 32 అంగుళాల 4కెలో దాదాపు 138. ఇక 32 అంగుళాల 1440పికి లెక్క వేస్తే మళ్ళీ అదే 92! అంటే అన్ని వేలు పోసి కొన్నా అక్షరం ఇప్పుడున్నంత గరుకుగానే ఉంటుంది, కొలత మాత్రమే పెరుగుతుంది. స్క్రీన్ మీద చోటు పెరిగిన మాట నిజమే, ఎక్సెల్‌లో మరిన్ని కాలమ్‌లు పడతాయి, కానీ కంటికి దక్కే హాయి ఏమీ పెరగదు.

తెలుగు చదివేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, ఇంగ్లీషు రివ్యూల్లో ఈ సంగతి ఎక్కడా కనిపించదు. ఇంగ్లీషు అక్షరం 92 పిక్సెళ్ల దగ్గర కూడా ఎలాగోలా నెట్టుకొస్తుంది. మన అక్షరాలకి కింద ఒత్తులు, పైన గుడులు, పక్కన సుడులు ఉంటాయి. చిన్న ఫాంటులో ‘క్ష్మి’, ‘స్త్రీ’ లాంటివి 92 దగ్గర ముద్దగా కనిపిస్తాయి, ‘ఘ’కీ ‘ఫు’కీ తేడా తెలియడానికి కళ్ళు చికిలించాల్సి వస్తుంది. 138 దగ్గర ఒత్తు ఒత్తులా కనిపిస్తుంది. రోజూ తెలుగు న్యూస్ సైట్లు చదివినా, తెలుగులో టైప్ చేసినా ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

4కె అనగానే అక్షరాలు మరీ చిన్నవైపోతాయన్న భయం చాలామందికి ఉంటుంది. విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెడితే 1440పిలో ఉన్నంత చోటు వస్తుంది, కాకపోతే ఒక్కో అక్షరానికి రెట్టింపు కన్నా ఎక్కువ పిక్సెళ్లు పడతాయి కాబట్టి నున్నగా ఉంటుంది. 125 పెడితే ఇంకాస్త చోటు దొరుకుతుంది. 32 అంగుళాల మీద ఎక్కువమందికి ఈ రెంటిలో ఒకటి కుదిరిపోతుంది. బాగా పాతకాలపు సాఫ్ట్‌వేర్లు, కొన్ని అకౌంటింగ్ ప్రోగ్రామ్‌లు స్కేలింగ్‌లో కొంచెం మసకబారతాయి, మీ ఆఫీసులో అలాంటివి ఉంటే మాత్రం కొనే ముందు ఎవరిదైనా 4కె స్క్రీన్‌కి లాప్‌టాప్ పెట్టి చూసుకోండి.

ఇప్పుడు టేబుల్ సంగతి. మీ ఫ్రెండ్ సలహా మీకు పనికిరాదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. రెండడుగులంటే 60 సెంటీమీటర్లు. 42 అంగుళాల టీవీ వెడల్పు 93 సెంటీమీటర్లు, ఎత్తు 52. అంత దగ్గర కూర్చుని అంత వెడల్పు చూడాలంటే కళ్ళు తిప్పితే సరిపోదు, మెడే తిప్పాలి. బ్రౌజర్ ట్యాబులు ఉండేది స్క్రీన్ పైఅంచున, అది కంటి మట్టానికి చాలా పైన పడుతుంది కాబట్టి రోజంతా తల ఎత్తి చూడాలి. స్క్రీన్ పైఅంచు కంటి మట్టానికి సమానంగానో కొంచెం కిందగానో ఉండాలన్నది మెడ కోసం చెప్పే మామూలు నియమం, రెండడుగుల టేబుల్ మీద 42తో అది కుదిరే పని కాదు. మీ ఫ్రెండ్ టీవీని గోడకి బిగించి మీటరు దూరంలో కూర్చుంటూ ఉండవచ్చు, అలాగైతే అతనికి అది బాగానే ఉంటుంది. అదీగాక 42 అంగుళాల 4కె అంటే అంగుళానికి 105 పిక్సెళ్లే, దగ్గర నుంచి చూస్తే 27 అంగుళాల 1440పి కన్నా కాస్త తక్కువే.

32 అంగుళాలది 71 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు. రెండడుగుల టేబుల్ మీద ఇది కూడా అంచు మీదే ఉంటుంది, నిజం చెప్పాలంటే. మానిటర్‌తో వచ్చే స్టాండ్ చాలా లోతు తినేస్తుంది, గేమింగ్ మానిటర్లకి ఇచ్చే ఆ మూడు కాళ్ళ స్టాండ్లు మరీ ఎక్కువ. అందుకే మానిటర్ ఆర్మ్ (టేబుల్ అంచుకి బిగించి మానిటర్‌ని మోసే చెయ్యి) కూడా కొనండి, స్క్రీన్‌ని గోడ దాకా నెట్టేయవచ్చు, కంటికి 70 సెంటీమీటర్ల దూరం వచ్చిందంటే చాలు. కొనే ముందు మూడు చూసుకోండి: మానిటర్ వెనకాల 100x100 వెసా (VESA) రంధ్రాలు, అంటే ఆర్మ్ బిగించే స్క్రూ రంధ్రాలు ఉన్నాయా, స్టాండ్ లేకుండా మానిటర్ బరువెంత, ఆర్మ్ ఎంత బరువు మోస్తుంది. టేబుల్ పైపలక పార్టికల్ బోర్డుదైతే క్లాంప్ కింద ఒక ఇనుప ప్లేటు పెట్టండి, లేకపోతే కొన్నాళ్ళకి బోర్డు నలిగిపోతుంది. గాజు టేబుల్‌కి క్లాంప్ అసలు బిగించవద్దు.

34 అల్ట్రావైడ్ చెడ్డదేం కాదు. అంగుళానికి 110 పిక్సెళ్లు ఉంటాయి, రేసింగ్ గేములకి, సినిమాలకి చాలా అందంగా ఉంటుంది, 4కె కన్నా గ్రాఫిక్స్ కార్డు మీద భారం కూడా తక్కువ. కానీ దాని ఎత్తు 27 అంగుళాల మానిటర్ ఎత్తే, 34 అన్న అంకె చూసి పెద్ద స్క్రీన్ అనుకుంటే పెట్టె విప్పాక నిరాశ పడతారు. కోడ్ రాసేవాళ్ళకి కావాల్సింది ఎత్తు. రెండోది, పీఎస్5 అల్ట్రావైడ్‌ని సపోర్ట్ చేయదు, రెండు పక్కలా నల్ల పట్టీలతోనే ఆడాలి. మూడోది చిన్న విషయంలా ఉంటుంది గానీ రోజూ ఎదురవుతుంది: మీటింగులో స్క్రీన్ మొత్తం షేర్ చేస్తే అవతలివాళ్ళ లాప్‌టాప్‌లో సన్నటి పట్టీలా కనిపిస్తుంది, ‘కొంచెం జూమ్ చేయండి’ అని అడుగుతూనే ఉంటారు. పీఎస్5 లేకుండా, ఎక్కువగా సిమ్యులేటర్లు ఆడేవాళ్ళైతే నేను అల్ట్రావైడే చెప్పేవాణ్ణి.

గ్రాఫిక్స్ కార్డు లెక్క చూద్దాం. 1080పి అంటే ఫ్రేముకి సుమారు 21 లక్షల పిక్సెళ్లు, 1440పి అంటే 37 లక్షలు, 34 అల్ట్రావైడ్ 50 లక్షలు, 4కె 83 లక్షలు. మీరు ఇప్పుడు గీయిస్తున్న దానికి నాలుగు రెట్లు. 4070కి 12 జీబీ మెమరీ ఉంది. వాలరెంట్, సీఎస్2 లాంటివాటికీ, కొన్నేళ్ళ పాత గేములకీ 4కెలో ఇబ్బంది ఉండదు. కొత్త భారీ గేములు మాత్రం 4కెలో అల్ట్రా సెట్టింగ్‌లతో నేరుగా నడిపించాలని చూడకండి, డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెంచే ఎన్‌విడియా పద్ధతి) పెట్టండి. క్వాలిటీ మోడ్‌లో కార్డు లోపల గీసేది 1440పినే, పర్ఫార్మెన్స్ మోడ్‌లో 1080పి, దాన్ని 4కెకి పెంచి చూపిస్తుంది. మామూలుగా గేము రిజల్యూషన్‌ని 1440పికి తగ్గించి 4కె ప్యానెల్ మీద ఆడితే మసకగా ఉంటుంది, ఎందుకంటే పిక్సెల్‌కి ఒకటిన్నర పిక్సెల్ సరిగ్గా పంచడం కుదరదు. డీఎల్ఎస్ఎస్‌తో ఆ సమస్య దాదాపు కనిపించదు, మెనూలు, అక్షరాలు పూర్తి 4కెలోనే ఉంటాయి. మీ కార్డు 4060 అయి ఉంటే, దానికి ఉన్న 8 జీబీ కొత్త గేముల్లో 4కెకి చాలదు కాబట్టి 27 అంగుళాల 1440పి దగ్గరే ఆగమనేవాణ్ణి.

హెర్ట్జ్ గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకండ్లు నిలుస్తుంది, 144లో 6.9, 240లో 4.2. 60 నుంచి 144కి వెళ్ళినప్పుడు తేడా ఎంతంటే, గేము దాకా అక్కర్లేదు, బ్రౌజర్‌లో పేజీ స్క్రోల్ చేస్తేనే తెలిసిపోతుంది. 144 నుంచి 240కి వెళ్తే పోటీల్లో ఆడేవాళ్ళకి ఉపయోగం, మీకు ఆ డబ్బు ప్యానెల్ నాణ్యత మీద పెట్టడం మేలు. ఎలాగూ 4కెలో భారీ గేముల్ని 240 ఫ్రేములతో మీ కార్డు నడపలేదు. మానిటర్ బిగించాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి రిఫ్రెష్ రేట్ మీరే మార్చాలి, చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60లోనే వాడేవాళ్ళని చాలామందిని చూశాను. ఫ్రీసింక్, జీసింక్ (కార్డు ఇచ్చే ఫ్రేములకి తగ్గట్టు మానిటర్ హెర్ట్జ్‌ని మార్చే పద్ధతులు) గొడవ ఇప్పుడు పెద్దగా లేదు, 2019 నుంచి ఎన్‌విడియా కార్డులు ఫ్రీసింక్ మానిటర్లతో కూడా పనిచేస్తున్నాయి.

ప్యానెల్ రకం దగ్గరే అసలు ఆలోచించాలి. ఐపీఎస్‌లో నలుపు పూర్తి నలుపుగా ఉండదు, కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ మధ్య వెలుగు తేడా) సుమారు 1000:1, చీకటి గదిలో హారర్ గేము ఆడితే నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. కానీ అక్షరాలు శుభ్రంగా ఉంటాయి, పక్క నుంచి చూసినా రంగు మారదు, పగలంతా ఎక్సెల్ తెరిచి పెట్టినా ఏమీ కాదు. వీఏ అనే ఇంకో ఎల్‌సీడీ రకంలో కాంట్రాస్ట్ సుమారు 3000:1 ఉంటుంది, నలుపు బాగుంటుంది, ధర తక్కువ. కాకపోతే చవక వీఏ ప్యానెళ్లలో చీకటి దృశ్యం కదిలినప్పుడు వెనకాల నల్లటి మరక ఈడ్చినట్టు కనిపిస్తుంది. పైగా 32 అంగుళాల వీఏలు ఎక్కువగా వంపు తిరిగి ఉంటాయి. 1000ఆర్ అంటే ఒక మీటరు వ్యాసార్ధంతో వంపు, పనికి అది మరీ ఎక్కువ, ఎక్సెల్ గీతలు కూడా వంగినట్టుంటాయి. అల్ట్రావైడ్‌కి వంపు కావాలి, 32కి అక్కర్లేదు.

ఓలెడ్ గురించి నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే గేముల్లో దాని అందానికి సాటి లేదు. ప్రతి పిక్సెల్ విడిగా ఆరిపోతుంది, రాత్రి ఆకాశం నిజంగా నల్లగా ఉంటుంది, కదలికలో మసక చాలా తక్కువ. 2024 నుంచి 32 అంగుళాల 4కె 240 హెర్ట్జ్ ఓలెడ్ మానిటర్లు డెల్ ఏలియన్‌వేర్, ఆసుస్, ఎంఎస్ఐ లాంటి కంపెనీలు అమ్ముతున్నాయి, అంటే ఓలెడ్ కావాలంటే 42 టీవీయే దిక్కు అన్న రోజులు పోయాయి. అయినా మీకు ఎందుకు వద్దంటున్నానంటే, మీ టాస్క్‌బార్, ఎక్సెల్ రిబ్బన్, కోడ్ ఎడిటర్ పక్క పట్టీ రోజంతా ఒకేచోట కదలకుండా ఉంటాయి. ఓలెడ్ పిక్సెళ్లు వాడినకొద్దీ అరుగుతాయి, ఒకేచోట ఎక్కువ అరిగితే ఆ అచ్చు శాశ్వతంగా పడుతుంది. కొన్ని కంపెనీలు ఈ అచ్చుకి (దీన్నే బర్న్-ఇన్ అంటారు) కూడా మూడేళ్ళ వారంటీ ఇస్తున్నాయి గానీ, ఆ మాట మన దేశంలో ఇచ్చే వారంటీ కాగితంలో రాసి ఉందో లేదో చూసుకోవాలి.

ఓలెడ్ కొనేవాళ్ళకి ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఇది మన ఇళ్ళ అలవాటుతో ముడిపడినది. పని అయ్యాక గోడ మీద స్విచ్ ఆపేసి పడుకుంటాం. ఓలెడ్ స్క్రీన్ కొన్ని గంటలు వాడాక, స్టాండ్‌బైలో ఉన్నప్పుడు తనంతట తాను పిక్సెళ్లని సరిచేసుకునే పని ఒకటి నడుపుతుంది, దానికి కరెంటు ఉండాలి. రోజూ గోడ స్విచ్ ఆపేస్తే ఆ పని జరగదు, అచ్చులు తొందరగా పడతాయి. రిమోట్‌తోనో మానిటర్ బటన్‌తోనో ఆపి వదిలేయాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఈ సంగతి చెప్పి ఉంచాలి, లేకపోతే మీరు వదిలేసినా వాళ్ళు ఆపేస్తారు.

ఓలెడ్‌లో అక్షరాల సమస్య కూడా ఉంది. విండోస్ అక్షరాలని ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు (సబ్‌పిక్సెళ్లు) వరసగా ఉంటాయన్న లెక్కతో గీస్తుంది. చాలా ఎల్‌జీ ఓలెడ్ ప్యానెళ్లలో వీటికి తోడు తెల్ల సబ్‌పిక్సెల్ ఉంటుంది, శామ్‌సంగ్ చేసే క్యూడీ-ఓలెడ్ రకం ప్యానెళ్లలో చాలావాటిలో అవి త్రికోణంలా అమరి ఉంటాయి. అందువల్ల అక్షరాల అంచుల్లో సన్నటి రంగు చార కనిపిస్తుంది. 138 పిక్సెళ్ల దగ్గర ఇది చాలావరకు కనపడదు, 105 దగ్గర కనపడుతుంది. మీ గదిలో పగటి వెలుగు ఎక్కువగా ఉంటే క్యూడీ-ఓలెడ్ నలుపు కొంచెం బూడిద, ఊదా రంగుల్లోకి తిరుగుతుంది కూడా. ఎదురుగా ట్యూబ్‌లైటు ఉంటే నిగనిగలాడే స్క్రీన్‌లో ఆ గీత రోజంతా కనిపిస్తుంది, దానికి మాట్ స్క్రీనే మేలు.

హెచ్‌డీఆర్ విషయంలో ఒక్క మాట. ‘డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400’ అని పెట్టె మీద ఉంటే దాన్ని చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. ఆ ముద్రకి అడిగే గరిష్ఠ వెలుగు 400 నిట్సే (నిట్ అంటే స్క్రీన్ వెలుగు కొలత), స్క్రీన్‌లో ఏ భాగానికి ఆ భాగం వెలుగు తగ్గించే లోకల్ డిమ్మింగ్ ఉండాలన్న షరతు లేదు. నిజమైన హెచ్‌డీఆర్ కావాలంటే ఓలెడ్ కావాలి, లేదా విడివిడిగా వెలుగు తగ్గించే వందల జోన్లున్న మినీ ఎల్ఈడీ బ్యాక్‌లైట్ కావాలి.

పోర్టుల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పీఎస్5 నుంచి 4కె 120 రావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 కావాలి, 2.0 ఉంటే 4కెలో 60 దగ్గరే ఆగిపోతుంది. పెట్టె మీద 2.1 అని ఉంటే కూడా సరిపోదు, ఆ పేరు వేసుకోవడానికి పూర్తి వేగం ఉండాల్సిన అవసరం లేదు. స్పెసిఫికేషన్ల పట్టికలో హెచ్‌డీఎంఐ ఎదురుగా ‘3840x2160, 120’ లేదా ‘144’ అని రాసి ఉందా చూడండి. పీఎస్5తో వచ్చిన కేబుల్‌నే వాడండి, అది ఆ వేగానికి సరిపోతుంది. పీసీని డిస్‌ప్లేపోర్ట్‌కి కలపండి. ఆఫీసు లాప్‌టాప్ సంగతి విడిగా చూసుకోవాలి: పాత లాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 4కెలో 30 హెర్ట్జ్ మాత్రమే వస్తుంది, మౌస్ కదిలిస్తే తడబడుతున్నట్టుంటుంది, మానిటర్‌లో లోపం ఉందనుకుని వెనక్కి పంపేసేవాళ్ళున్నారు. లాప్‌టాప్ యూఎస్‌బీ-సీ పోర్టు వీడియో ఇస్తుందో లేదో కనుక్కుని, యూఎస్‌బీ-సీలో 65 వాట్లు లేదా ఎక్కువ ఛార్జింగ్ ఇచ్చే, కేవీఎం (ఒకే కీబోర్డు, మౌస్‌ని రెండు కంప్యూటర్లకి మార్చే సౌకర్యం) ఉన్న మానిటర్ తీసుకుంటే ఒక్క కేబుల్‌తో ఆఫీసు పని అయిపోతుంది, లాప్‌టాప్‌కీ పీసీకీ అవే కీబోర్డు, మౌస్ వాడుకోవచ్చు. మీలా పగలు లాప్‌టాప్, రాత్రి పీసీ వాడేవాళ్ళకి నేను దీనికోసం కొంత ఎక్కువైనా పెట్టమంటాను.

ధరలు పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22కి ముందు 32 అంగుళాలు దాటిన మానిటర్లకి, టీవీలకి జీఎస్టీ 28 శాతం ఉండేది, 32 వరకు 18. ఇప్పుడు అన్నింటికీ 18 శాతమే. పాత వీడియోల్లో 34 గురించీ 42 గురించీ చెప్పిన ధరలు ఆ పాత పన్నుతో ఉన్నవి.

కొనే ముందు వీలైతే కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్ళి మీ లాప్‌టాప్ పెట్టి చూడండి. షాపువాళ్ళు వేసే డెమో వీడియోలో ఏ స్క్రీనైనా బాగుంటుంది, మీరు రోజూ చూసే ఎక్సెల్ షీటు, ఒక తెలుగు న్యూస్ పేజీ తెరిచి చదివి చూడండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె సీలు విప్పడం మొదలు స్క్రీన్ వెలిగేదాకా ఆపకుండా వీడియో తీయండి, ప్యానెల్ పగిలి వస్తే ఆ వీడియోనే మీకు ఆధారం. మొదటి రోజే తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిండుగా వేసి చనిపోయిన పిక్సెళ్లు చూసుకోండి, రాత్రి లైట్లాపి నల్ల తెరలో మూలలు చూడండి. మీరు పక్కకి జరిగితే మారే తెల్లటి మసక ఐపీఎస్‌లన్నింటికీ ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. కదలకుండా ఒకేచోట నిలిచి ఉండే పసుపుపచ్చటి వెలుగు మరక అయితే అది బ్యాక్‌లైట్ లీకు, బాగా కనిపిస్తుంటే రిప్లేస్‌మెంట్ గడువు దాటకముందే వెనక్కి పంపండి. ఒకటి రెండు చనిపోయిన పిక్సెళ్లకి వారంటీలో మార్చని కంపెనీలున్నాయి, కాబట్టి అమ్మినవాళ్ళు ఇచ్చే ఆ కొద్ది రోజులే మీకు అసలు రక్షణ.

మీ ఊళ్ళో ఏ కంపెనీకి ఇంటికొచ్చే సర్వీసు ఉందో ముందే ఫోన్ చేసి అడగండి, 32 అంగుళాల ప్యానెల్‌ని బైకు మీద పెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళలేరు. వారంటీ అయ్యేదాకా పెట్టె, లోపలి థర్మోకోల్ పారేయకండి, అవి లేకుండా కొరియర్‌లో పంపితే దారిలోనే పగులుతుంది. మోడళ్ళు రెండు మూడింటికి కుదించుకున్నాక వాటి పేర్లు, మీ ఆఫీసు లాప్‌టాప్ మోడల్ కూడా ఇక్కడ పెట్టండి, పోర్టులు కలుస్తాయో లేదో చూసి చెప్తాను.